బాపమ్మ అడిగిన పొత్తు

మొన్న ఆదివారం మా మనవరాలు హైదరాబాదు నుంచి వస్తూ ఒక పొట్లం తెచ్చింది. సోయా, బఠాణీలతో చేసిన ముక్కలట. చూడటానికి మేక మాంసంలాగే ఉన్నాయి, అల్లం, వెల్లుల్లి, గసాలు నూరి వేసి వండితే వాసన కూడా ఇంచుమించు అలాగే వచ్చింది. నమిలి చూసి బాగుందన్నాను. మాట వరసకు అనలేదు, నిజంగానే బాగుంది. తన కాలంలోనే లోకమంతా మాంసం మానేసి ఇలాంటి తిండికి మారిపోతుందని ఆ పిల్ల నమ్మకం. ఈ విషయం మీద నేను కొంత చదివాను. అటువైపు వాదనా సబబుగానే తోచింది, ఇటువైపుదీ సబబుగానే తోచింది. మీ కాలంలో ఎవరైనా మానేవారా నానమ్మా అని అడిగితే, మానేవారని మాత్రం చెప్పి ఊరుకున్నాను. మా నాన్న, మేము బాపు అనేవాళ్లం, పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆయన గురించి పైకి మాట్లాడటం నాకు ఇంకా చేతకావడం లేదు. రాయడం కొంత నయం.

మాది లింగాల ఘనపూర్ పక్కన ఒక ఊరు. నా చిన్నతనంలో మాంసం కొనుక్కొచ్చే వస్తువు కాదు, పంచుకునే వస్తువు. పది పన్నెండు ఇళ్లవాళ్లు కలిసి ఒక యాటను, మేకనో గొర్రెనో, తెచ్చి, ఆదివారం పొద్దున్నే కోయించి, నేల మీద మోదుగాకులు పరిచి పోగులు వేసేవారు. ప్రతి పోగులోనూ అన్నీ ఉండాలి: మెత్తటి ముక్క, మేము బొక్క అనే ఎముక, కొవ్వు, కార్జం, పేగు, అన్నీ తలా కొంచెం. పోగులు పూర్తయ్యాక ఒక మనిషి అటు తిరిగి నిలబడతాడు, ఇంకొకరు ఒక్కో పోగు మీద వేలు పెట్టి ఇది ఎవరిదని అడుగుతారు, అటు తిరిగిన మనిషి తోచిన పేరు చెబుతాడు. పోగులు వేసినవాడు మాత్రం అందరూ తీసుకున్నాక మిగిలినదే తీసుకోవాలి. ఆ కట్టుబాటు వల్లనే పోగులు సమానంగా పడేవని ఇప్పుడు అర్థమవుతోంది. మా ఊళ్లో పోగులు వేసేది మా బాపు. ఆయన చేయి త్రాసుతో సమానమని పేరు.

ఆ పోగులో మూలుగ బొక్క పడిందా లేదా అన్నది మా ఇంట్లో పెద్ద విషయం. బాపును కన్న తల్లి, మా బాపమ్మ, మూలుగ కోసం ప్రాణం పెట్టేది. అప్పటికే ముందరి పళ్లు పోయాయి, అయినా బొక్కను రోటి అంచు మీద టక్కుటక్కున కొట్టి, లోపలి మూలుగను జుర్రి, ఆ తరువాత ఆ బొక్కను కుక్కకు వేస్తే కుక్క మూతి తిప్పుకునేదని మా అమ్మ నవ్వేది. తినేటప్పుడు బాపమ్మ పక్కన బాపు ఉండాల్సిందే. ఇద్దరిదీ ఒకటే కంచం. మా వైపు దాన్ని పొత్తుల తినడం అంటారు. పిల్లల తండ్రి అయ్యాక కూడా తల్లి పొత్తులో తినే కొడుకును నేను ఆయనను తప్ప ఇంకొకరిని చూడలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం గొడవలు మొదలైనప్పుడు నాకు పదేళ్లు. బాపు తమ్ముడు, మా చిన్నబాపు, హన్మకొండలో ఉండి కాలేజీలో చదువుతున్నాడు. బడులు మూసేస్తే మేమంతా ఇంటి దగ్గర ఆడుకుంటున్న ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం కబురు వచ్చింది, ఊరేగింపులో లాఠీ దెబ్బకు తల పగిలిందని, దవాఖానలో స్పృహ లేకుండా ఉన్నాడని. బాపు జనగామ దాకా సైకిలు మీద, అక్కడి నుంచి రైల్లో వెళ్లాడు. మూడు రోజులు తమ్ముడి మంచం పక్కన కూర్చున్నాడు. ఆ మూడు రోజుల్లో ఎప్పుడో మొక్కుకున్నాడు, తమ్ముడు కళ్లు తెరిస్తే తను బతికినన్నాళ్లు మాంసం ముట్టనని. చిన్నబాపు నాలుగో రోజున కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు. నుదుటి మీద ఎడమ కనుబొమ్మ దాకా దిగిన మచ్చతో ఇంటికొచ్చాడు, ఆయన వెనకాలే మెడలో తులసిపూసల మాలతో బాపు వచ్చాడు.

మాల వేసుకున్నవారికి నియమాలుండేవి. మాంసం మానడం ఒక్కటే కాదు, మాంసం తినేవారి ఎంగిలి తగలకూడదు, వాళ్లతో ఒకే కంచంలో తినకూడదు. బాపుకు వేరే కంచం, వేరే చెంబు వచ్చాయి. ఇంటి పెద్ద తినని వస్తువు ఇంట్లో వండటమేమిటని అమ్మ మాంసం వండటమే మానేసింది. రెండు నెలలు ఓపిక పట్టిన బాపమ్మ ఒకనాడు నడి వాకిట్లో కూర్చుని అడిగేసింది.

“మొక్కింది నువ్వు. నోరు కట్టుకునేటిది నేనా? దేవుడేమన్న నన్నడిగిండా?”

బాపుకు ఆ మాట తగిలింది. ఆ వచ్చే ఆదివారం మళ్లీ పోగుల దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఎవరో మాల ఏసుకున్నోనికి గీడ ఏం పని పటేలా అని ఎకసెక్కమాడితే, పక్కనున్న ముసలాయన ఊరుకోలేదట. “గాయన నాలుకకు ఆశ లేదురా. ఇప్పుడే పోగులు ఇంక సక్కగ పడ్తయి, సూడు.” అలాగే అయింది. ఆ మాలతోనే బాపు ఊరికి ఇంకా పదిహేనేళ్లు పోగులు వేశాడు, తన వంతుది తెచ్చి అమ్మ చేతికిచ్చి, బావి దగ్గర స్నానం చేసి లోపలికి వచ్చేవాడు. పశువుల కొట్టం పక్కన మూడు రాళ్ల పొయ్యి ఒకటి పెట్టించాడు. మాంసం అక్కడ వండాలి, అక్కడే తినాలి. బాపమ్మకు ఒక పీట, ఒక కంచం, పోగులో మూలుగ బొక్క ఎప్పుడూ ఆమెకే. చిన్నబాపు సెలవులకు వచ్చినప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని తింటూ, లోపల ఒంటరిగా పప్పు కలుపుకుంటున్న బాపుకు వినపడేలా అనేవాడు. “అన్నా, నా పాణం కోసం నువ్వు మానినవు. నీ పాలు గూడ నేనే తింటున్న. దేవునికేం నష్టం లేదు.” బాపు లోపలి నుంచి నవ్వేవాడు. బాపమ్మ కూడా నవ్వేదనే నాకు గుర్తు. గట్టిగా ఆలోచిస్తే, నవ్వేది కాదేమో.

ఏళ్లు గడిచాయి. చిన్నబాపుకు మానుకోట తాలూకా కచేరీలో గుమాస్తా పని దొరికింది. నేను ట్రైనింగు పూర్తిచేసి భూపాలపల్లి దగ్గర ఒక ఊళ్లో టీచరుగా చేరాను. అప్పుడు ఆ దారి పొడుగునా అడవే, బస్సు వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు రానట్టు. ఎనభై ఒకటి వేసవి సెలవులకు నేను ఇంటికి వెళ్లేసరికి బాపమ్మ మంచం మీద ఉంది. నెల రోజుల జ్వరం తగ్గింది కానీ తిండి పోవడం లేదు. గంజి పోస్తే ఒక గుటక, జావ పోస్తే అదీ లేదు. జనగామ డాక్టరు వచ్చి చూసి, మందు పని అయిపోయిందమ్మా, ఇక ముసలమ్మ నోట్లోకి నాలుగు మెతుకులు పోతేనే బతుకుతుందని చెప్పి వెళ్లాడు. కోడి షోర్వా పెడితే ముఖం తిప్పుకుంది. బాపమ్మ షోర్వా వద్దన్నదంటే ఇక ఆశ లేదనుకున్నాం మేమంతా.

ఆ మర్నాడు ఆదివారం. పోగుల దగ్గర బాపు తన జీవితంలో మొదటిసారి నోరు తెరిచి అడిగాడట, అవ్వకు బాగలేదు, ఈసారి మూలుగ బొక్కలన్నీ నాకియ్యండి అని. అందరూ తమ తమ పోగుల్లోంచి తీసి ఇచ్చారు. అమ్మను చేయి పెట్టనివ్వకుండా కొట్టం పక్కన పొయ్యి తనే ముట్టించాడు. ఎప్పుడూ వండి ఎరగని మనిషి. పొగకు కళ్లు తుడుచుకుంటూ, ఉప్పు వేశానా లేదా అని మరచిపోయి మళ్లీ వేశాడు. రుచి చూడటానికి వీల్లేదు కదా. నేను చూసి చెబుతానన్నా వినిపించుకోలేదు. పగలు పన్నెండింటికి బాపమ్మను ఎత్తుకొచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టి, గిన్నె ముందు పెట్టాడు. అదే సమయానికి కబురందుకున్న చిన్నబాపు మానుకోట నుంచి సంచీతో దిగి, అలాగే వచ్చి కొట్టం గుంజ దగ్గర నిలబడ్డాడు.

బాపమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుని నోరు మూసేసింది.

“ఏందవ్వా, ఉప్పెక్కువైందా?” అని బాపు తల్లిని అడిగాడు.

“నువ్వు తిని చెప్పు.”

బాపు గిన్నెను ఇంకొంచెం ఆమె ముందుకు జరిపాడు.

“పన్నెండేండ్లాయె, నా కంచం నాకు, నీ కంచం నీకు. గీ కొట్టంల గొడ్లను చూసుకుంట తింటున్న. ఒక్కసారి నా పొత్తుల కూసోరాదు బిడ్డా. ఒక్క ముక్క. గటెన్క సచ్చిపోయినా మంచిదే.”

చిన్నబాపు ముందుకొచ్చి అన్న పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎప్పుడూ ఉండే వేళాకోళం ఆయన గొంతులో లేదు. “అన్నా, నడుమ ఉన్నది నా పాణమే కద. నేనే చెప్తున్న. తిను. నాకేం గాదు.”

బాపు గిన్నెలోంచి ఒక ముక్క తీశాడు. చేయి సగం దూరం లేచింది. అప్పుడు తమ్ముడి నుదుటి మీది మచ్చ వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను, షోర్వా బొట్లు మోచేతి దాకా కారాయి. ముక్కను మళ్లీ గిన్నెలో వేసి, “నాతోని అయితలేదవ్వా” అన్నాడు. తల్లి బతకాలంటే తినాలి, తమ్ముడు బతకాలంటే తినకూడదు. దేవుడి మీద అంత నమ్మకం లేని నాకు కూడా ఆ క్షణంలో, తినమని చెప్పడానికి నోరు రాలేదు.

బాపమ్మ కొడుకు ముఖాన్ని చూసింది. గిన్నెను వేళ్లతో అటు నెట్టింది.

“తియ్యి గది. నీ కంచంల పప్పు తే. ఇగ నేనే మానుత.”

మా అందరికన్నా ముందు చిన్నబాపు లేచి లోపలికి పరుగెత్తి బాపు కంచం తెచ్చాడు. ఆమె నోరు పుక్కిలించుకుంది. బాపు చేయి కడుక్కుని చారు, పప్పు కలిపి ముద్ద చేసి పెట్టాడు. ఆమె తిన్నది. రెండో ముద్ద తను తిన్నాడు, మూడోది మళ్లీ ఆమెకు. ఆ రోజు ఆమె ఎన్ని ముద్దలు తిన్నదో అమ్మ లెక్కపెట్టింది, నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఆ గిన్నెను తీసుకుపోయి నేను వేలు ముంచి రుచి చూడటం. ఉప్పు కషాయంలా ఉంది.

పన్నెండేళ్లు మేమంతా ఆమెకు మాంసం మీదే ప్రాణమనుకున్నాం. ప్రేమ కొద్దీ మంచి ముక్కలన్నీ ఆమెకే పెట్టాం, పెట్టిన ప్రతిసారీ ఆమెను కొడుకు కంచానికి దూరంగా కూర్చోబెట్టాం. మాలోనే చదువుకున్న వాళ్లం ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. ఆమె కూడా అడగలేదు, షోర్వా మీద నెపం పెట్టి చివరికి అడిగింది.

బాపమ్మ మరో రెండేళ్లు బతికింది. మాంసం ముట్టలేదు. కానీ కొట్టం దగ్గర అమ్మ మాకోసం వండుతుంటే ఇంట్లో నుంచి కేకలు వచ్చేవి, మసాల మాడుతుంది చూస్కో, ఉడకలేదు ఇంకిన్ని నీళ్లు పొయ్యి అని. ముక్కుకు మొక్కు లేదు కద అనేది.

ఆమె పోయిన మూడో రోజున మా వైపు ఆచారం ప్రకారం పిట్టకు పెట్టాలి. పోయినవారికి ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి దూరంగా నిలబడితే, కాకి వచ్చి ముట్టుకుంటే తృప్తి పడ్డారని. మానిన మనిషికి మాంసం పెట్టకూడదని అమ్మ, బంధువులు అన్నారు. బాపు వినలేదు. “నా కోసం మానింది. ఇగ నాతోని పనేముంది ఆమెకు” అని మళ్లీ తనే వండాడు, ఈసారి మాత్రం నన్ను పిలిచి ఉప్పు చూడమన్నాడు. ఆకులో ఒకవైపు పప్పన్నం, ఒకవైపు మూలుగ బొక్క. ఏది ముట్టుకుంటుందోనని అందరం ఊపిరి బిగబట్టి నాలుగు అడుగులు వెనక్కి వేశామో లేదో, కాకి దిగి, పప్పు వంకైనా చూడకుండా బొక్క ఎత్తుకుని పోయింది. మూడు రోజులుగా ముఖంలో నవ్వన్నది లేని బాపు పకపకా నవ్వాడు. “సూసిన్రా, అవ్వ ఆగలే!” ఏడుస్తున్న వాళ్లు కూడా నవ్వారు. చావింట్లో అంతమంది అలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

బాపు మొక్కు తప్పకుండా తొంభై ఏళ్లు బతికి, పోయిన చలికాలంలో పోయాడు. పక్కన చిన్నబాపు ఉన్నాడు. ఆయనకు ఇప్పుడు డెబ్బై ఆరు. కర్మ అయిపోయిన తరువాత ఊరికి పెట్టిన భోజనాల్లో ఆయన విస్తట్లో మాంసం వడ్డించబోతే చేయి అడ్డం పెట్టి పెరుగు వేయమన్నాడు. అప్పటి నుంచి తినడం లేదని పిన్ని ఫోనులో చెబుతుంది. మాల వేసుకోలేదు, మొక్కూ లేదు. ఎందుకని మేమెవరమూ అడగలేదు.

లోకం మాంసం మానుతుందో లేదో నాకు తెలియదు. మానితే మేకలకు మంచిదే, మనుషులకూ మంచిదేనేమో. మా ఇంట్లో ఇప్పుడు అయిదుగురం ఉన్నాం. ఒకరికి చక్కెర జబ్బని రొట్టె, ఒకరు గుడ్డు వరకే, ఒకరు పాలు కూడా ముట్టరు. ఎవరి వంట వారికి, ఎవరి కంచం వారికి, ఎవరి వేళకు వారు. ఒకరి నియమం ఇంకొకరి నోరు కట్టేయదు. బాపమ్మ వాకిట్లో కూర్చుని అడిగిన న్యాయం ఇదే, అది మా ఇంటికి వచ్చింది, నేను కాదనను. కానీ ఒకరు తినకపోతే ఇంకొకరికి ముద్ద దిగని ఇల్లు నేను చూశాను. అన్నం పెట్టుకుని కూర్చున్నప్పుడు, నా కంచంలో ఇంకొక చేతికి చోటుందని ఈమధ్య తరచుగా అనిపిస్తోంది.