పదో బిళ్ళ

మేడ్చల్ మందుల కంపెనీలో బెల్టు పక్కన కూర్చుని, ట్యూబులైటు కింద కదిలిపోయే తెల్ల బిళ్ళల్లో పగిలినవాటిని ఏరెయ్యడం సాయిలు పని. శామీర్‌పేట బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. పదిహేడేండ్లలో తన కన్ను దాటి ఒక్క చెడ్డ బిళ్ళ బయటికి పోలేదనీ, ఏటా పరీక్షలో పదికి పది తనవేననీ టీ చల్లారేదాకా చెప్తాడు. చెప్తూ చెప్తూ బొటనవేలితో కళ్ళు ఒత్తుకుంటాడు. "కాకా, నీ పది మాకు కంఠతా వచ్చింది" అంటుంది పెట్టెలు కట్టే అమూల్య.

ఆ పరీక్షలో మంచి బిళ్ళల్లో పది చెడ్డవి కలిపి వదులుతారు. అన్నీ పట్టినవాళ్ళే బెల్టు దగ్గర ఉంటారు, తప్పినవాళ్ళు అట్టపెట్టెలు కట్టాలి. రెండువేల మూడో సంవత్సరం పరీక్షలో సాయిలు ఏరి వేసిన గిన్నెలో తొమ్మిదే తేలాయి. సన్నటి పగులున్న పదోది మంచివాటితో కలిసి పోయింది. సూపర్‌వైజర్ హేమచంద్ గొంతు తగ్గించాడు. "పది అని రాసేస్తాను సాయిలు గారూ. మీ సంగతి నాకు తెలీదా?"

సాయిలు గిన్నెలోవి మళ్ళీ లెక్కపెట్టాడు. "తొమ్మిదే రాయుండ్రి సార్. రేపు గిసొంటిదే ఎవల నోట్లకన్న పోతది."

సంతకం పెట్టి, స్టూలు మీది తన మెత్త చంకన పెట్టుకుని అట్టపెట్టెల దగ్గరికి నడిచాడు. అమూల్య జరిగి చోటిచ్చింది. "పదిహేడేండ్లు..." అని మొదలుపెట్టబోయి, ఆగి, టేపు అందుకున్నాడు.