మల్దకల్‌కు అందరికంటే ముందు చేరిన వీరుడు

పరుగెత్తితే ఆరోగ్యం వస్తుందని అందరూ అంటారు. నాకు పరుగెత్తితే పరువు పోయింది. నాది పోతే పోయింది, నాతో పాటు ఇద్దరు మంచి మనుషులను కూడా నడిరోడ్డు మీద నిలబెట్టాను. ఇది రెండు వేల ఆరు ప్రాంతంలో గద్వాలలో జరిగింది. ఇప్పటికీ మా ఇంటికి చుట్టాలు వస్తే మా ఆవిడ పద్మ చాయ్‌తో పాటు ఈ కథ కూడా పోస్తుంది. ఆమె నోట వినడం కంటే నా నోట వింటే నా మీద కాస్త జాలి మిగులుతుందని ఆశపడి చెబుతున్నాను.

అప్పుడు నాకు జిరాక్స్ దుకాణం ఉండేది. పొద్దంతా కూర్చునే పని. నా కంటే ముందు నా పొట్ట వెళ్లి గిరాకీని పలకరించేది. పక్క దుకాణం ఖాజా భాయ్‌ది. యాభై ఏళ్ల దర్జీ, బంగారం లాంటి మనిషి. ఒకరోజు దవాఖాన నుంచి వచ్చి, కత్తెర పక్కన పెట్టి, చాలాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. షుగర్ వచ్చిందట. రోజూ ఒళ్లు కదిలించమని, వీలైతే పరుగెత్తమని డాక్టర్ చెప్పాడట. ఆయన ముఖం చూడలేక, నేనూ తోడు వస్తానని అన్నాను. ఆ సమయానికి ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చిన సరోజ మేడం, సర్కారు బడిలో తెలుగు చెప్పే ఆవిడ, మా మాటలు విని తన మోకాళ్లు కూడా పట్టేస్తున్నాయని, తానూ వస్తానని అన్నది. అలా ముగ్గురమయ్యాం.

మరునాడు పొద్దున్నే బయలుదేరాం. మేడం చీర కుచ్చిళ్లు పైకి దోపి, బడిపిల్లల తెల్ల బూట్లు వేసుకుని వచ్చింది. మా వీధి కుక్కలు కొంత దూరం ఉత్సాహంగా వెంటపడి, మా వేగానికి విసుగొచ్చి వెనక్కి పోయాయి. కోట గోడ మలుపు రాగానే ఖాజా భాయ్ అరుగు మీద కూలబడ్డాడు. మేము ఆయన్ని పొగిడాం, ఆయన మమ్మల్ని పొగిడాడు. అలా గడిచిన మొదటి మూడు రోజుల్లో మేము పరుగెత్తిన దూరం కంటే ఒకరినొకరం మెచ్చుకున్న మాటలే పొడుగు.

నాలుగో రోజు ఖాజా భాయ్ తేల్చి చెప్పేశాడు.

“నాతోని గాదు తమ్మీ. మిషన్ తొక్కిన కాళ్లు గివి. ఉరుకనీకి పనికిరావు.”

ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంది. ఈయనకు ధైర్యం రావాలంటే ఎంత దూరం పోతున్నామో అంకె చూపించాలని అనిపించింది. వెంటనే నా స్కూటర్ తీశాను. మా వీధి నుంచి కోట గోడ పక్కగా పోయి, మార్కెట్ యార్డు చుట్టి తిరిగి వచ్చాను. మీటరు సరిగ్గా ఐదు కిలోమీటర్లు చూపించింది. ఒక రౌండు ఐదు, రెండు రౌండ్లు కొడితే పది. ఈ సంగతి చెప్పగానే ఖాజా భాయ్ ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది.

ఇక్కడ ఆ స్కూటర్ గురించి ఒక ముక్క చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఒక మెకానిక్ దాని మీటరులో ఏదో మార్చాడు. అప్పటి నుంచి బండికి మంచి స్పీడ్ వచ్చింది. ముల్లు అరవై చూపిస్తుండగా ట్రాక్టర్లు నన్ను దాటిపోయేవి. ఈ మధ్య ట్రాక్టర్లు భలే తయారు చేస్తున్నారని అనుకునేవాణ్ని. మీకు అర్థమైపోయింది కదా. నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలల్లో ఖాజా భాయ్ మారిపోయాడు. గిరాకీల నడుము కొలుస్తూ తన కిలోమీటర్లు చెప్పేవాడు. ఆ జోరులో కొందరికి ప్యాంట్లు మోకాళ్ల దాకానే వచ్చాయి. కానీ షుగర్ నిజంగానే దిగింది. మేడం వాచీ చూసి, పది కిలోమీటర్లూ అర గంటలో కొడుతున్నామని లెక్క తేల్చింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, మనలో ఏదో విశేషం ఉందని వినయంగా ఒప్పుకున్నాం.

ఆ విశేషాన్ని లోకానికి చూపించాలని మేడం ఒక ఆలోచన చేసింది. మల్దకల్ పదిహేను కిలోమీటర్లు. రోజూ పది ఉరికేవాళ్లకు ఇంకో ఐదు ఎంత? వచ్చే ఆదివారం అక్కడి గుడి దాకా ఉరుకుదామంది. ఇంటివాళ్లు బస్సులో ఇడ్లీలు పట్టుకుని వచ్చి గుడి ముందు ఎదురుచూసేటట్టు ఏర్పాటైంది. ఖాజా భాయ్ తన భార్య షమీమ్‌కు ఏమైనా బండి ఎక్కనని, సొంత కాళ్ల మీదే వస్తానని మాట ఇచ్చాడు. చూడడానికి వాళ్లతో పాటు బస్సులో రావడానికి వీధివాళ్లు కూడా కొందరు తయారయ్యారు.

ఆదివారం తెల్లవారుతుండగా మల్దకల్ రోడ్డు ఎక్కాం. మొదటి కిలోమీటరు రాయి ఎంతకీ రాలేదు. ఎవరో పీకేసి ఉంటారని చెప్పాను. రాయి వచ్చింది. రెండో రాయి దగ్గర, పాతినవాడు నిద్రమత్తులో పాతాడని చెప్పాను. ఇంకా కొంత దూరం పోయేసరికి ముగ్గురికీ నాలుకలు బయటికి వచ్చాయి. మేడం ఒక రాయి మీద కూర్చుంది. నా లెక్క ప్రకారం ఆ రాయి మీద ‘మల్దకల్ 5’ అని ఉండాలి. పదకొండు అని ఉంది.

మేడం రాయిని చూసి, నన్ను చూసింది.

“నర్సిమ్లూ, రాయి అబద్ధం చెప్తున్నదా, నీ స్కూటర్ చెప్తున్నదా?”

అప్పుడు నన్ను దాటిపోయిన ట్రాక్టర్లన్నీ వరసగా కళ్ల ముందు కదిలాయి. మెకానిక్ సంగతి చెప్పేశాను. రోజూ మనం ఉరికింది నాలుగు కిలోమీటర్లేనని చెప్పి, ఖాజా భాయ్ వైపు చూడలేక తల దించుకున్నాను. ఈయన ఇక జన్మలో పరుగు ముఖం చూడడని, మళ్లీ షుగర్ పెరిగితే ఆ పాపం నాదేనని అనిపించింది.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

“తమ్మీ, మొదలే రెండంటే నేను ఇంట్లనే పండుకుంటుంటి. నువ్వు ఐదంటేనే ఉరికిన. లే, పోదాం.”

వెనక నుంచి బస్సు వస్తుంటే చెయ్యి ఎత్తాను. ఆయన ఆ చేతిని పట్టి కిందికి దించాడు. షమీమ్‌కు మాట ఇచ్చాడు కదా. మేడం ఉపాయం చెప్పింది, ఒక కరెంటు స్తంభం దాకా ఉరకడం, ఇంకో స్తంభం దాకా నడవడం. అలాగే సాగాం. ‘7’ అని రాసిన రాయి దగ్గర నా పిక్క పట్టేసింది. ఇద్దరూ కూర్చుని నా కాలు పిసికారు. మీరు పోండి, నేను ఏదైనా బండి ఎక్కి ఇంటివాళ్లకు కబురు చెబుతానని పంపించాను. ఒట్టు, అప్పటికి నా ఉద్దేశం అదే.

పల్లికాయ బస్తాల ట్రాక్టర్ ఒకటి దొరికింది. బస్తాల మీద వెల్లకిలా పడుకుని, దారిలో వాళ్లిద్దరినీ దాటుతూ మంత్రిగారిలా చెయ్యి ఊపాను. వాళ్లూ నవ్వుతూ ఊపారు. ఊరి మొదట్లో దిగేసరికి పిక్క సర్దుకుంది. గుడి వైపు నాలుగడుగులు వేశానో లేదో, మావాళ్లు నన్ను చూశారు. పద్మ దేవుడికని కొన్న బంతిపూల దండ తెచ్చి నా మెడలో వేసింది. ‘ట్రాక్టర్’ అనడానికి తెరిచిన నోరు, ‘చివర్ల జర కష్టమైంది’ అన్నది.

అంతే, ఇక ఆగలేదు. ఇడ్లీలు తింటూ గంట పైనే చెప్పాను. ఊపిరి ఎలా పట్టాలో చెప్పాను, వెనకపడ్డ ఇద్దరికీ ఎలా ధైర్యం చెప్పి వచ్చానో చెప్పాను. షమీమ్ శ్రద్ధగా వింటూ చట్నీ వేసింది. పద్మ ఎదురుగాలి కొట్టిందా అని అడిగింది. బాగా కొట్టిందన్నాను.

“అవు, ఎత్తు మీద గాలి ఎక్కువనే కొడ్తది,” అన్నది.

నాకు అప్పుడైనా వెలగాలి. వెలగలేదు.

అప్పుడు వాళ్లిద్దరూ వచ్చారు. ఖాజా భాయ్ చొక్కా పిండితే బిందె నిండేటట్టుంది. మేడం బూట్లు చేతిలో పట్టుకుని వట్టి కాళ్లతో ఉరుకుతోంది. షమీమ్ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఖాజా భాయ్ నా మెడలో దండ చూశాడు, సంగతి గ్రహించాడు, పెదవి బిగపట్టాడు. అయినా అందరి ముందూ, ఈ తమ్ముడు లేకుంటే తాము గడపే దాటేవాళ్లం కాదని అన్నాడు.

దాంతో నా పని అయిపోయింది. దండ తీసి ఆయన మెడలో వేసి, ట్రాక్టర్ మీద వచ్చానని చెప్పేశాను. భూమి బద్దలవుతుందని చూశాను. ఒక్కరూ ఉలకలేదు. పద్మ, సరోజ మేడంకు నీళ్లు పోస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

“తెల్సు. నువ్వు మొదటి ఇడ్లీ తింటున్నప్పుడే ట్రాక్టరాయన అటు హోటల్ల చాయ్ తాగి, నీ వెనకంగ పోతూ, నీ పిక్క తగ్గిందా అని నన్ను అడిగిపోయిండు.”

“మరి చెప్పకపోతివేందే?”

“ఇంకెన్ని కిలోమీటర్లు ఉరుకుతవో చూద్దామని.”

అక్కడే, ఆ గుడి ముందు, అంతమంది నవ్వుతుండగా, చట్నీ చేతిని కడుక్కుని ఒక ప్రమాణం చేశాను. ఈ ఒంట్లో ప్రాణం ఉన్నంతకాలం పరుగు అనే పనిని కాళ్లతో మాత్రమే చేస్తాను, నోటితో ఒక్క అడుగు కూడా వేయను. ఖాజా భాయ్ ఆమీన్ అన్నాడు. సరోజ మేడం నమ్మలేదు, రాసి సంతకం పెట్టమంది.