తమ్ముడి లెక్కకు దొరకని చేతులు

మా తమ్ముడు పోయాడు. మహబూబాబాద్ నుంచి ఫోను వచ్చేసరికి జనగామలో నేను దీపం పెడుతున్నాను. గుండె ఆగిందట.

అంతకు ముందటి ఆదివారం ఎప్పటిలాగే తెల్లారింది. వాడు మొదటి రైలు దిగి వచ్చాడు. చాయ్ తాగి, వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్, ఒక వేడి పట్టీ, వేడిని కొలిచే సన్నని తీగలు పరిచాడు. నేను తడిబట్టతోనే పూజ ముగించి వచ్చి చెయ్యి చాపాను. వాడు పట్టీ, తీగలు నా చేతికి అంటించి, కాసేపటికి తెర చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, నీ మడి నా లెక్కను ముంచింది."

"దేవుని పనికి వంక పెట్టకురా."

"దేవుని జోలికి ఎవరు పోయిన్రు? చల్లబడ్డ చర్మంల నెత్తురు తక్కువ పారుతది. వేడిని మోసుకపోయేది ఆ నెత్తురే గద."

ఇంజినీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. కణితిని వేడితో కాల్చే వైద్యం ఒకటుంది. ఆ వేడి ఒంట్లో ఎంతదాకా పాకుతుందో ముందే చెప్పగల న్యూరల్ నెట్‌వర్క్ అనే, కొలతలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాం తయారు చేయాలని వాడి తపన. "ఒళ్లంత సూదులు గుచ్చి చూడలేం గద అక్కా. వేడి నడిచే సూత్రం దానికి ముందే నేర్పిన. జర కొన్ని కొలతలిస్తే మిగతాది అదే పట్టుకుంటది" అనేవాడు.

ఆ కొన్ని కొలతలే దొరకలేదు. ఇష్టపడి వచ్చేవాళ్ల చేతులు కొలుచుకోవడానికి కాలేజీ ఒప్పుకుంది. వచ్చేవాళ్లే లేరు. పెళ్లంటే బస్సు నిండా కదిలే మావాళ్లకు, చెయ్యి అడిగేసరికి ఎక్కడలేని పనులు గుర్తొచ్చేవి. భూపాలపల్లిలో ఉండే మా చెల్లెలి భర్త అయితే, "ఏం బామ్మర్దీ, ఊర్ల కోళ్లు అయిపోయినయా, మమ్ముల కాలుస్తానంటున్నవు" అన్నాడు. తమ్ముడు అందరితో పాటు నవ్వి, ల్యాప్‌టాప్ మూసేశాడు. జపం చేసుకుంటున్నా ఆ మూసిన చప్పుడు నా చెవుల్లోంచి పోదు.

పదో రోజు వాడితో పనిచేసే మేడం మహబూబాబాద్‌లో వాడింటికొచ్చింది. "మీ తడిబట్ట కొలత పనికి రాలే, సార్ చెయ్యి ఒక్కటే దానికి తెలుసమ్మా. వేరేవాళ్లది పెడితే తప్పు చెప్తది. లావోళ్లయి, బక్కోళ్లయి, ముసలోళ్లయి అన్నీ కావాలె. లేకుంటే ఇది ఈడనే ఆగుతది."

తమ్ముడి భార్య మావైపు తలెత్తింది. "ఆయన అడిగినప్పుడు ఇయ్యకపోతిరి. ఇప్పుడన్న ఇస్తరా?"

చెల్లెలి భర్త "నేనొస్త" అన్నాడు.

వచ్చే ఆదివారం భూపాలపల్లి వాళ్లు, జనగామ వాళ్లు అందరం మళ్లీ మహబూబాబాద్ రావాలని ఆ సాయంత్రం అనుకున్నాం. అమ్మను మాత్రం వద్దన్నాం. పెద్ద వయసు, మరీ పలుచని చర్మం.

"నా కొడుకు పనికి రాని చెయ్యి నాకెందుకే?" అని అడిగింది అమ్మ.

ముందు ఆమెనే కూర్చోబెట్టాలని నిర్ణయించాం.