గడ్డిలో దాక్కున్న రోజు

వరిగడ్డిలో మగ్గుతున్న రసాల మామిడిపళ్ల వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి. ఈ ఉదయం ఆగిరిపల్లిలో మా మామిడికాయల షెడ్డు తలుపు తీయగానే ఆ వాసన గుప్పుమంది. వెంటనే ఎస్తేరు పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని నాకు చుట్టం కాదు, ఆ షెడ్డులో మేస్త్రి. ఆమె కుడిచెయ్యి మోచేతి కింద నుంచి నూర్పిడి మిషన్లో పోయింది. ఎడమచేత్తోనే కాయను ఒక్కసారి తిప్పి, తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి, ఏ ట్రేలో పడాలో తేల్చేసేది. రెండు చేతులున్నవాళ్లం ఎంత పరుగులు పెట్టినా ఆమె వెనకే. నాది పోలియో కాలు. ఇద్దరికీ వికలాంగుల పింఛను వచ్చేది. పిన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందరి ముందూ పనిచేసేది. నేనేమో ఒంటిపూటకు వచ్చి, ఎవరికీ చెప్పకండని బతిమాలేదాన్ని. పనిచేస్తే పింఛను తీసేస్తారని మా వీధిలో అందరూ అనేవారు మరి. అమ్మ మందులకు అదే ఆధారం.

ఒకరోజు పింఛన్లు చూసే సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంటు మా షెడ్డులోకి వస్తూ కనిపించాడు. నా పైప్రాణం పైనే పోయింది. మగ్గబెట్టే గదిలోకి పోయి గడ్డిలో దూరాను. పాపం, ఆయన వచ్చింది ఇంటికి పళ్లు కొనుక్కోవడానికి! ఆ సంగతి తెలిసి లేచేసరికి చీరంతా రసం, నా కింద ఒక వరస పళ్లు పచ్చడి. అందరూ పడీపడీ నవ్వారు. పిన్ని నవ్వలేదు.

"దొంగతనం చేశావా ఏంటే, దాక్కోడానికి?"

"పింఛను పోతే ఎలా పిన్నీ?"

"పోద్దని ఎవరు చెప్పారు? అడిగావా?"

"అడిగితే తెలిసిపోదూ..."

"నీ కాలు చూసి ఇచ్చారే అది. చేతులు ముడుచుకు కూర్చుంటావని కాదు. పద."

ఆ చీరతోనే నన్ను ఆయన ముందు నిలబెట్టింది. "ఏవండీ, ఈ పిల్ల రోజంతా పనికొస్తే పింఛను ఆపేస్తారా? ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆయన నా చీర వంక వింతగా చూశాడు. "కూలిపని చేస్తే ఆపరండి. ఆదాయం హద్దు దాటితే మాత్రం దాచకూడదండి."

"దాచదండి. పూచీ నాది," అంది పిన్ని.

నలిగిన పళ్లను మాత్రం వదల్లేదు. నా చేతే పిండించి, చాప మీద తాండ్ర పోయించింది. మర్నాటి నుంచి నాకు రెండుపూటలా పని. ఆమెంత ధైర్యం నాకు ఏనాడూ రాలేదు గానీ, ఆమె పక్కన కూర్చుంటే భయం సగమయ్యేది.

పిన్ని పోయి రెండేళ్లయింది. ఈ వేసవిలో ఆమె చేసిన మేస్త్రి పని నాకిచ్చారు, నెలజీతం మీద. మర్నాడే సచివాలయానికి వెళ్లి, ఎవరూ అడగకముందే జీతం సంగతి చెప్పేశాను. చూసి చెప్తామన్నారు. పింఛను ఉంటుందో పోతుందో ఇంకా తెలియదు. భయం లేదంటే అబద్ధమే.

కానీ దాక్కోలేదు పిన్నీ. కుంటుకుంటూనే, నడిబజారులోంచి వెళ్లాను.