ముప్పై ఆరు నిమిషాల లెక్క

నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. హైటెక్ సిటీలో చేసేది మాత్రం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అయినా కొత్తగూడలోని మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో ఫ్యాన్ ఆగినా నన్నే పిలుస్తారు. వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని చూసి, ఎలక్ట్రీషియన్‌ని పిలవమని చెప్పి వస్తాను. ఆ మాత్రం మర్యాదకే ఉబ్బిపోతుంటాను.

ఒక శనివారం పొద్దున్నే వాచ్‌మన్ వచ్చాడు. అతని భార్య ఒకప్పుడు మా ఇంట్లో పనిచేసేది. ఇప్పుడామెకు ఊపిరితిత్తుల జబ్బు, రోజంతా ఆక్సిజన్ మెషీన్ నడవాలి.

"సార్, తొమ్మిదింటి సంది ఒంటిగంట దాంక కరెంటు తీస్తరంట. మీ ఇన్వర్టర్ మీద మా ఆమె మెషీన్ నడుస్తదా? జర చూడుండ్రి."

కాగితం తీశాను. బ్యాటరీ నూట యాభై ఆంపియర్ అవర్లు. మెషీన్ రెండు వందల యాభై వాట్లు. దాన్ని దీనితో భాగిస్తే సున్నా పాయింట్ ఆరు గంట.

"ముప్పై ఆరు నిమిషాలు," అన్నాను, ఒక్క నిమిషం కూడా తేడా రాదన్నంత ధీమాగా. "కుదరదు. ఆసుపత్రికి తీసుకెళ్లు."

చదువుకున్నవాడి మాట కదా, అతను వెంటనే ఆటో తెచ్చాడు.

బాల్కనీలోంచి చూస్తున్నాను. మెషీన్ తీసేశాక ఆమె గేటు వైపు పది అడుగులు వేసి, గోడ పట్టుకుని ఆగిపోయింది. ఊపిరి అందడం లేదు. నాకు భయమేసి కిందికి పరుగెత్తాను. ఇద్దరం ఆమెను వాళ్ల గదిలో కూర్చోబెట్టి, ముక్కుకు గొట్టం మళ్లీ తగిలించాం. కాస్త తేరుకున్నాక, భర్త చేతిలోని నా లెక్క కాగితం చూసి ఆమే అడిగింది.

"ముప్పై ఆరు నిమిషాలేంది సార్? మా ఊర్ల గసొంటి బ్యాటరీ మీదనే పొద్దుగాలంత నడిచింది. మీ ఇంట్ల దాన్ని ఏడాది తుడిచిన. నూట యాభై పక్కన పన్నెండు అని గూడ ఉంటది గద. దాన్నేం చేసిన్రు?"

ఆంపియర్ అవర్లు చెప్పేది విద్యుదావేశాన్ని. పన్నెండు వోల్టులతో గుణిస్తేనే అది శక్తి అవుతుంది. పద్దెనిమిది వందల వాట్ అవర్లు, నష్టాలు పోను సుమారు ఐదు గంటలు. ఇంటర్ పిల్లలు కూడా తప్పు చేయని లెక్క. సిగ్గుతో చచ్చిపోయాను.

కరెంటు ఉండగానే ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మెషీన్‌తో సహా లిఫ్టులో మా ఇంటికి తీసుకొచ్చాం. ఆటోను మాత్రం పంపించలేదు. నా లెక్క మీద నాకే నమ్మకం పోయింది.

తొమ్మిదింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ముప్పై ఆరో నిమిషం వచ్చింది, దాటింది. మెషీన్ నడుస్తూనే ఉంది. ఆమె గోడ గడియారం చూసి, నా వైపు తిరిగింది.

"ఇగ లేవుండ్రి సార్. మీ లెక్క అయిపాయె."