దండల చాటు ముఖాలు

నా ట్రంకుపెట్టె నిండా పాత పత్రికా ఫోటోలున్నాయి. అన్నీ దూరప్రయాణం పోయిన కుర్రకారువే. సైకిల్ మీద కాశ్మీరుకు, కాలినడకన కాశీకి, ఇంకా ఎక్కడెక్కడికో. పత్రికలవాళ్లు అచ్చువేసుకొని పక్కన పడేసినవి, వెనక వివరం రాసిన చీటీ అంటించినవి. నిజామాబాదులో చిత్తుకాగితాల దుకాణాల్లో కొన్ని, హైదరాబాద్ పత్రికలకు బొమ్మలు పంపే స్టూడియో ఆయన దగ్గర కొన్ని పోగేశాను. అయితే ఎవరు ఎవరో మాత్రం అడగొద్దు. మా వైపు సాగనంపడమంటే ముక్కు మునిగేదాకా దండలు వేయడం. ఫోటోలో కనిపించేది కాళ్లు మొలిచిన బంతితోట.

అందులో ఒక తోటను నేనే. అరవైల నడుమ నేనూ నా దోస్తూ బోధన్ నుంచి కన్యాకుమారికి సైకిళ్ల మీద బయలుదేరాం. ఎవరి సైకిల్ మధ్య వారి పేరు రాసిన రేకు బోర్డు కట్టుకున్నాం. స్టూడియో ఆయన ఫోటో తీశాడు, పత్రికలో వచ్చింది. ఊరు చప్పట్లు కొట్టింది.

కామారెడ్డిలో వాడి సైకిల్ ఫోర్కు విరిగింది. అక్కడే నా కడుపు చెడింది, మనసు విరిగింది. వాడిది యాత్ర, నాది మాత్ర. విరగనివి రెండే మిగిలాయి, నా సైకిలు, వాడి మనసు. ఆ రెండూ కలిసి ముందుకు పోయాయి. వాడు తన పరుపుచుట్టను నా సైకిల్ కేరియర్‌కు ఎడమచేత్తో బిగించుకుంటుంటే నేను చెట్టు నీడన సోడా తాగుతూ చూశాను. విరిగిన సైకిల్‌ను రిపేరు షాపులోనే వదిలేశాను.

అన్ని దండలు వేయించుకొని మూడోనాడే బోధన్‌లో ఏ ముఖంతో దిగాలి? నిజామాబాదులో అక్క ఇంట్లో దాక్కున్నాను. వాడు రెండు నెలలకు వచ్చాడు. నా సైకిల్ కన్యాకుమారిలోనే అమ్మి, రైలెక్కి, ఎముకల గూడై దిగాడు. పోయేవాళ్లకే గానీ వచ్చేవాళ్లకు మా ఊళ్లో దండల్లేవు. స్టూడియో ఆయన కూడా రాలేదు. నేనూ ఆ వారమే ఊరు చేరాను.

వాడి తండ్రి, మా అందరికీ బాపు, చెరుకు రైతు. ఆయన లెక్కలో మేమిద్దరం ఎక్కడో పడుకొని తిని వచ్చినవాళ్లం. నేను నిజమే చెప్పాను.

"పోయిండు బాపు. నేను కామారెడ్డిల ఆగిన."

"కామారెడ్డి అవుతల నువ్వు సూసినవా?"

"సూడలే."

"మరి?"

అంతే. అప్పటినుంచి ఏటా చెరుకు బండ్లు చక్కెర ఫ్యాక్టరీ ముందు బారు తీరినప్పుడల్లా బండ్లోళ్ల ముందు బాపుది అదే మాట. "మావోడు కన్యాకుమారి పోయిండంట! బండి మీద ఫ్యాక్టరీ దాకా పోనీకే నడుం నొస్తదంటడు." నవ్వులు. వాడు తల వంచుకొని మోకు బిగించేవాడు. దానికీ తిట్లే. "ఉల్టా ఎందుకు సుడ్తవ్‌రా? సక్కటి ముడి రాదా?"

ఒకరోజు వాడు నాతో అన్నాడు: "ఊరు నమ్మకున్న మంచిదే. బాపు ఒక్కసారి నమ్మితె సాలు."

నా ఫోటోల పిచ్చి అక్కడ మొదలైంది. దారిలో ఏదో ఒక పత్రికవాడు వాణ్ని ఫోటో తీసి ఉంటాడని నా ఆశ. పదేళ్లు వెతికాను. వాడు దొరకలేదు గానీ, దేశంలోని యాత్రికులంతా దొరికారు.

డెబ్బైల్లో ఓనాడు చిత్తుకాగితాల దుకాణంలో కొన్న కట్టలో దొరికింది. వెనక సముద్రం, ముందు సైకిల్, పక్కన ఒక మనిషి. చీటీ మీద 'కన్యాకుమారి చేరిన బోధన్ యువకుడు' అని మాత్రమే ఉంది. అక్కడివాళ్లు కూడా, మనల్ని చూసి నేర్చుకున్నారో ఏమో, ముక్కుదాకా దండలు వేశారు. సైకిల్ మధ్య బోర్డు మీద మాత్రం పేరు స్పష్టంగా ఉంది. నా పేరు.

ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనే పోయానేమో అనిపించింది.

దోస్తుతో కలిసి చెరుకు బండి దగ్గరున్న బాపుకు చూపించాను. బండ్లోళ్లు మూగారు. చదువొచ్చిన ఒకడు బోర్డు చదివాడు. బాపు నా వీపు తట్టాడు.

"అయితె పోయింది నువ్వా పిల్లగా! గిన్నేండ్లు సెప్పకపోతివి."

"నేను కాదు బాపు, మీవోడు. సైకిలే నాది."

"సూడుండ్రి, దోస్తు ఇజ్జత్ కాపాడుతున్నడు. మంచి పిల్లగాడు."

కాదన్నకొద్దీ నా మంచితనం పెరుగుతోంది. దోస్తు ముఖం వాడిపోతోంది. వాడికోసం తెచ్చిన సాక్ష్యం వాడిమీదే తిరగబడింది. "ఆ కాళ్లు సూడు బాపు, నావి గంత సన్నగుంటయా?" అన్నాను. బండ్లోళ్లు నా కాళ్లు చూసి నవ్వారు. ఫోటోలో ఉన్నది ఎవరో మాత్రం తేలలేదు.

బాపు ఫోటో తిరిగి ఇవ్వబోయి ఆగాడు. కళ్లు చికిలించి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆయన చూస్తున్నది ముఖం కాదు, బోర్డు కాదు. కేరియర్ మీద పరుపుచుట్ట. చెరుకు బండికి వేసే ముడే, రెండు చుట్లు తిప్పి కొస లోపలికి దోపింది. చుట్లు మాత్రం ఎడమకు తిరిగి ఉన్నాయి.

"నీది ఏ చెయ్యి వాటం?" అని నన్నడిగాడు.

"కుడి. కానీ బాపు, నాకు ఏ చేత్తోనూ ముడి రాదు."

ఆయన కొడుకు వైపు తిరిగాడు.

"సముద్రం దాకా పోయి సుత ఉల్టానే కట్టినవా బద్మాష్?"

బండ్లోళ్లు నవ్వలేదు. బండి కదలాల్సిన వంతు వచ్చింది, వెనకవాళ్లు కేకలేస్తున్నారు. బాపు కదల్లేదు. ఫోటోను రుమాలులో చుట్టుకొని నడుముకు దోపుకున్నాడు.

"గంత దూరం ఏం తిన్నవ్‌రా?" అన్నాడు మెల్లగా.

వాడు కర్నూలు అవతల ఎవరో పెట్టిన జొన్నరొట్టె దగ్గర మొదలుపెట్టాడు. నేనూ వింటూ నిలబడ్డాను. పదేళ్లుగా ఫోటో వెతికాను గానీ, ఆ మాట వాణ్ని నేనూ అడగలేదు.