చెరగని దిష్టి చుక్క

మొన్న ఎండాకాలం బోధన్ దగ్గర మా అమ్మగారింట్లో ఉన్నాను. చల్లగా ఉంటుందని నా పసిపాపకు బర్రెల కొట్టంలోనే ఉయ్యాల కట్టాం. సాయంత్రం స్నానం చేయిస్తూ, చెవి వెనక పెట్టిన దిష్టి చుక్క తుడిచాను. పోలేదు. గట్టిగా రుద్దితే చుక్కకు కాళ్లు కదిలాయి!

నా కేకకు మా నాయనమ్మ వెలుగుతున్న బీడీతోనే ఉరికొచ్చింది.

"నెత్తురు తాగే పిడుదు పట్టింది బిడ్డా! బీడీ అంటిస్తే ఊడుతది."

"వద్దవ్వా, పిల్ల చెవి కాలుతది!"

పాపను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తాను. డాక్టరు చిన్న పట్టకారుతో మెల్లగా లాగేశారు.

తిరిగొచ్చి చూస్తే ఉయ్యాల వెనక గోడ పగుళ్ల నిండా పిడుదులే. పిడుదులు పోవాలని బర్రెలను వారం వారం తంబాకు నీళ్లతో కడిగేవాళ్లం. గోడ సంగతి ఎవరికీ తట్టలేదు.

పాపకు ఇప్పటికీ చుక్క పెడతాను. స్నానంలో అది చెరిగేదాకా నాకు ఊపిరాడదు.